పునుగు వాసనా, కామేశ్వరి గారి ముక్కూ

ముప్పై ఏళ్ళకు పైగా వాసన చూసి బతికాను. పెళ్ళిచూపుల్లో నా ఉద్యోగం ఇదని చెప్పినప్పుడు మా మావగారు చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టారు. తర్వాత, "జీతం ఇస్తారా బాబూ?" అని అడిగారు. ఇస్తారన్నాను. "దేని వాసన?" అన్నారు. ఏదిస్తే దాని వాసన అన్నాను. ఆయన కూతుర్నైతే ఇచ్చారు గాని, నా ఉద్యోగం మీద అనుమానం మాత్రం చివరిదాకా తన దగ్గరే ఉంచుకున్నారు.

కొత్తవలస దాటాక, రైలు పట్టాలకు దగ్గర్లో ఉండేది మా కంపెనీ. అగరొత్తుల వాళ్ళకు, సబ్బుల వాళ్ళకు, తలనూనెల వాళ్ళకు కావలసిన సుగంధాలు కలిపి, డబ్బాల్లో పోసి పంపడం మా పని. నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి అందులో చేరాను. ఈమధ్య ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళు ఇదే వృత్తిలోకి వస్తూ, "సహజమైన వాసన గొప్పదా, ల్యాబులో చేసింది గొప్పదా?" అని అడిగారు. వాళ్ళ కోసమే ఇది. నా జవాబులో కొంత శాస్త్రం, కొంత అసూయ ఉంటాయి. ఆ రెంటినీ వేరు చేయడం నాకు ఇన్నేళ్ళలో చేతకాలేదు. చదివేవాళ్ళే వేరు చేసుకోవాలి.

ముందు ముక్కు సంగతి

ఈ పనిలో చేరాలంటే గొప్ప ముక్కు ఉండాలని చెబుతారు. అక్కర్లేదు. జలుబు లేని ముక్కు, తప్పు ఒప్పుకునే నోరు ఉంటే చాలు. సన్నటి కాగితపు ముక్కను సీసాలో ముంచి, చివర ఊపి, వాసన చూసి, పక్కన పెట్టాలి. కాసేపాగి మళ్ళీ చూడాలి. మర్నాడు మళ్ళీ చూడాలి. పూల వాసనలు త్వరగా పోతాయి. జంతువుల నుంచి వచ్చినవి, అంటే కస్తూరి, పునుగు లాంటివి, చుట్టాల్లా ఉండిపోతాయి. మంచి సుగంధంలో పువ్వు ముందు నడుస్తుంది, జంతువు వెనక నిలబడుతుంది. పువ్వుకు పేరొస్తుంది.

పనిలో ఉన్నంతసేపూ తలనూనె కూడదు, పౌడరు కూడదు, మధ్యాహ్నం క్యారేజీలో ఎండుచేపల కూర అసలే కూడదు. ఆ ఆఖరి నియమం వల్ల మా కంపెనీ వదిలేసి వెళ్ళినవాళ్ళను నేనెరుగుదును, వాళ్ళను తప్పు పట్టను. పువ్వులు పెట్టుకుని లోపలికి రాకూడదు. అందుకని నాతోపాటు పనిచేసే కామేశ్వరి గారు రోజూ జడలోని మల్లెదండ తీసి గేటు గొళ్ళేనికి తగిలించి లోపలికొచ్చేది.

"ఏటమ్మా, గేటుకి పెళ్ళి సేస్తన్నావా?" అనేవాడు వాచ్‌మన్.

"అవునయ్యా, నువ్వే పురోహితుడివి. సాయంత్రందాకా సూసుకో" అనేది ఆవిడ.

మల్లెలో పేడ

కోటబొమ్మాళిలో ఒక అగరొత్తుల వ్యాపారి ఉండేవాడు. అసలైన మల్లె తప్ప వాడనని ఆయన పట్టుదల. మా యజమాని పాత్రో గారు, బరంపురం వైపు మనిషి, నన్నూ కామేశ్వరి గారినీ ఆయన దగ్గరికి పంపారు. ఆవిడ బోటనీ చదివి, నేను చేరిన వారమే చేరింది. మొక్కల నుంచి తీసిన నూనెలు ఆవిడవి, ల్యాబులో చేసిన పదార్థాలు నావి. రెండు సీసాలు ఆయన ముందు పెట్టాం. ఒకటి ఆవిడ తెప్పించిన అసలు మల్లె సారం. రెండోది నేను కలిపింది. దానికి పువ్వుతో ఎక్కడా పరిచయం లేదు.

ఆయన రెండూ చూసి నాది పట్టుకున్నాడు. "ఇదీ మల్లంటే. అదేటి, అందులో పేడ వాసనొస్తన్నాది?"

పాపం ఆయన ముక్కు నిజమే చెప్పింది. మల్లెపూవులో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. అదే పశువులశాలలోనూ ఉంటుంది. పల్చగా ఉంటే పువ్వు, చిక్కగా ఉంటే పశువు. నేను మర్యాద కోసం దాన్ని తగ్గించాను. అంటే నా అబద్ధం శుభ్రంగా ఉంది, ఆవిడ నిజానికి స్నానం లేదు.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో నేను కొంచెం ఎక్కువగానే నవ్వి ఉంటాను. కామేశ్వరి గారు కిటికీలోంచి చూస్తూ అన్నది: "ఆయన తప్పేటుందండీ. ఆయనెప్పుడూ మల్లెని దూరం నుంచే చూసుంటాడు, ఎవరి జడలోనో. దగ్గరికెళ్ళి చూసినోళ్ళకి మీ సీసా సరిపోదు."

వ్యాపారం నాకు దక్కింది. ఆ మాట ఆవిడకు దక్కింది. పాత్రో గారు ఆ వారమంతా అందరికీ చెప్పింది ఆ మాటే.

ఇక్కడ నా అభిప్రాయం రాసేస్తాను. సహజం అంటే మంచిది, కృత్రిమం అంటే మోసం అనేవాళ్ళ దగ్గర పని నేర్చుకోకండి. ల్యాబు సరుకు ఏ సీసా చూసినా ఒక్కటే. పువ్వు సరుకు వానను బట్టి, నేలను బట్టి, కోసినవాడి బద్ధకాన్ని బట్టి మారుతుంది. మొదటిది అమ్ముకోవడానికి హాయి. రెండోది ప్రేమించడానికి హాయి. జీతం మొదటిదాని మీదే వస్తుంది.

ఆవిడ

భావనపాడు వైపు సముద్రపు ఒడ్డున మొగలి పొదలుంటాయి. మొగలిలో మగ పువ్వుకే వాసన. ఈ సంగతి చెప్పుకుని మగవాళ్ళం గర్వపడేది ఈ ఒక్క పనిలోనే. అక్కడ తవిటయ్య అనే ఆయన రాగి డేగిసాలో ఆ పువ్వులు ఉడికించి, ఆవిరి పట్టి, అత్తరు తీసేవాడు. ఆ సరుకు నేను ముందే తెప్పించి మా యంత్రంలో పరీక్ష చేశాను. అన్నీ ఉండవలసినట్టే ఉన్నాయి. ఆ ఫలితాల కాగితం జేబులో పెట్టుకుని, కామేశ్వరి గారితో కలిసి అక్కడికి వెళ్ళాను.

ఆవిడ డేగిసా పక్కన నిలబడి, బిందెలోకి కారుతున్నదాన్ని వేలి చివర తడిపి చూసింది.

"తవిటయ్యా, ఇయి పొద్దున కోసినవి కావు."

"పొద్దున కోసినవే తల్లీ."

"ఏ పొద్దున?"

తవిటయ్య తువ్వాలు తీసి భుజం మార్చుకున్నాడు. "నిన్న పొద్దున. మా బావ కూతురి పెళ్ళమ్మా, మనుషులు దొరకలేదు. ఎలా తెలిసినాది?"

"వాడిన పువ్వు మూలిగినట్టుంటాది" అన్నదావిడ.

నా జేబులో కాగితం ఉంది. అందులో మూలుగు అనే గడి లేదు.

అసూయ గురించి ఈ వృత్తిలో ఎవరూ మాట్లాడరు. కాని అది ఇక్కడ మిగతా చోట్ల కంటే ఎక్కువ. లెక్కలు ఎక్కువ తెలిసినవాణ్ణి చూస్తే, కూర్చుని చదివితే నాకూ వస్తాయని అనుకోవచ్చు. ముక్కు విషయంలో ఆ ఊరట లేదు. ఆవిడ నేను కలిపిన ప్రతి సీసా చూసి, అందులో ఏం వేశానో చెప్పేది. ఎన్ని రకాలుగా దాచినా పట్టుకునేది. ఇది మీరు చేసింది, అది పువ్వు నుంచి వచ్చింది అని, కూరలో ఉప్పు చెప్పినంత తేలిగ్గా. నాకు ఉద్యోగంలో ఇంకే కోరికా లేదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్క సీసా చూసి, ఆవిడ నా సరుకును అసలు సరుకని పొరబడాలి. అంతే.

రాత్రి భోజనాల దగ్గర ఈ బాధ కొంత బయటపడేది. మా ఆవిడ కంచంలో పులుసు పోస్తూ, "రోజూ ఆవిడ ముక్కేనా? మన ఇంట్లో నాకూ ఒకటి ఉన్నాది, దాని గురించెప్పుడైనా మాటాడతారా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. నేను ఇంకో ముద్ద కలుపుకున్నాను.

ఖాళీ భరిణె

మా చేత పని చేయించుకోవడానికి వ్యాపారులు వస్తారు. ఒకసారి అర్చకులు వచ్చారు. శ్రీకాకుళం దాటాక ఏటి ఒడ్డున ఉన్న ఒక పాత విష్ణాలయం ఆయనది. పేరు రంగాచార్యులు గారు. చిన్న వెండి భరిణె బల్ల మీద పెట్టి మూత తీశారు. ఖాళీ.

శుక్రవారం అభిషేకం అయ్యాక స్వామికి పునుగు పూయడం ఆ గుడి ఆనవాయితీ. పునుగంటే పునుగుపిల్లి ఒంటి నుంచి తీసే జిడ్డు. వట్టిగా చూస్తే భరించలేం. చందనంలో రవ్వంత కలిపితే గర్భగుడంతా వెచ్చబడినట్టుంటుంది. పూర్వం కొండల మీద నుంచి ఎవరో తెచ్చి ఇచ్చేవారు. ఇప్పుడు ఆ పిల్లిని పట్టడం నేరం. ఉన్న నిల్వ అయిపోయింది.

"ల్యాబులో చేసింది ఇస్తే తమరికి అభ్యంతరం ఉండదా?" అని నేను ముందే అడిగాను.

"ఇప్పుడు హారతికి వెలిగిస్తున్న కర్పూరం ఎక్కడ చేస్తన్నారు బాబూ, చెట్టు మీదా?" అన్నారాయన. "ఆ జీవాన్ని బోనులో పెట్టి గీకి తేవడం కంటే మీ సీసా నయం."

పాత్రో గారు ఉత్సాహంగా, "ఒరే మూర్తీ, నువ్వొకటి సెయ్యి. కామేశ్వరీ, నువ్వొకటి సెయ్యి. ఆచార్యులు గారు రెండూ సూసి, ఏది బాగుంటే అది పట్టుకెళ్తారు" అన్నారు.

"నేను చూడకూడదు" అన్నారు ఆచార్యులు గారు.

"అదేటండీ?"

"వాసన చూసిన పువ్వు పూజకు పనికొస్తుందా? ఇదీ అంతే. స్వామి కంటే ముందు ఎవరు చూసినా అది ఎంగిలే. నేనైనా, మీరైనా."

పాత్రో గారు మా ఇద్దరినీ చూపించి, "స్వామీ, మా వోళ్ళు సేసేదంతా ఎంగిలి పనేనండి. జీతం అందుకే ఇస్తన్నాను" అన్నారు.

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ప్రయత్నాలు ఎన్నయినా చూసుకోవచ్చు. కాని భరిణెలోకి వెళ్ళేది మాత్రం మొదటి చుక్క నుంచీ కొత్తగా కలపాలి. దాన్ని ఏ ముక్కూ తాకకూడదు. మరి ప్రయత్నాలు బాగున్నాయో లేదో తేల్చేదెవరు? అసలు పునుగు ఎలా ఉండేదో ఆ గదిలో తెలిసినది ఇద్దరికే. ఒకరు చూడనన్న ఆచార్యులు గారు. రెండోది కామేశ్వరి గారు. ఆవిడ తాతగారు ఆ గుడిలో శుక్రవారాలు కీర్తనలు పాడేవారట. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చునేదట.

పోటీలో ఉన్నది ఆవిడ, తీర్పు చెప్పేదీ ఆవిడ. ఇంత సౌకర్యమైన పోటీని నేను మరెక్కడా చూడలేదు.

పిల్లి ఉంది, గుడి లేదు

పునుగులో ముఖ్యమైన పదార్థం సివెటోన్. దాన్ని ల్యాబులో చేయవచ్చు. దానికి తోడు స్కాటోల్ అనే కంపు ఒకటుంటుంది, అది ఎక్కడి కంపో భోజనం చేసేవాళ్ళకు చెప్పకూడదు. ఇంకొన్ని చిల్లర సరుకులు. నేను కలిపి, కాగితపు ముక్క ముంచి, ఆవిడకు ఇచ్చాను.

"పిల్లి ఉందండీ మూర్తి గారూ" అన్నది. "గుడి లేదు."

స్కాటోల్ తగ్గించి మళ్ళీ ఇచ్చాను.

"ఇప్పుడు పిల్లీ లేదు, గుడీ లేదు. ఆసుపత్రి ఉన్నాది."

చందనం మార్చాను, నువ్వులనూనె వేశాను, సివెటోన్ పాళ్ళు మార్చాను. వారాలు గడిచాయి. ప్రతిసారీ ఆవిడ కళ్ళు మూసుకుని, కాగితం ఊపి, మెల్లగా తల అడ్డంగా ఊపేది. కావాలనే అంటున్నదేమోనని నాకు అనుమానం. ఆ అనుమానం నాకు కొంత సుఖంగా కూడా ఉండేది. కాని ఆవిడ తన సరుకును కూడా అలాగే తీసిపారేసింది. కస్తూరిబెండ గింజల నుంచి తీసిన నూనెతో చేసింది అది. నేను చూశాను. అద్భుతంగా ఉంది.

"నాది బాగుంది, కానీ పునుగు కాదు" అన్నదావిడ. "పైగా గింజ గింజకీ మారిపోతాది. ముక్కుతో సూసుకోకుండా నేను కొత్తగా కలపలేను. ఆచార్యులు గారు సూడొద్దన్నారు గదా."

"అయితే?"

"మీ ఆఖరిదే పంపండి. తక్కెడకి ముక్కుండదు."

అంటే నేను గెలిచాను. బరువులు రాసుకుని, తూచి కలిపితే చాలు, నాది ఎప్పుడూ ఒక్కటే. ల్యాబు సరుకుకు ఉన్న ఈ గుణాన్ని నేను ఏళ్ళ తరబడి గొప్పగా చెప్పుకున్నాను. ఆవిడ నోట వింటే అది వైకల్యంలా ఉంది. వాదిద్దామని చూశాను గాని, ఆవిడ మాటలో తప్పు దొరకలేదు. అది ఆవిడలో ఇంకో చెడ్డ అలవాటు.

ముక్కుకు తువ్వాలు

ఆఖరి సరుకు కలిపే రోజు పాత్రో గారు నన్ను తలస్నానం చేసి, పంచె కట్టుకుని రమ్మన్నారు. కిటికీలన్నీ తీయించారు. ముక్కుకూ నోటికీ కలిపి తడి తువ్వాలు కట్టారు. పంచెతో ఎలక్ట్రానిక్ తక్కెడ ముందు కూర్చున్న కెమిస్టును చూడడానికి స్టోర్సు వాళ్ళందరూ తలుపు దగ్గరికి వచ్చారు.

"ఊపిరి పీల్సకు" అన్నారు పాత్రో గారు.

"పీల్చకపోతే ఎలాగండీ?"

"పీల్సు గానీ, తెలుసుకోకు."

ఏ సీసా మూత తీసినా మనసు ముక్కులోకి పరుగెడుతుంది. సీసా మారిందేమో, పాతబడిందేమో, చూడడానికి లేదు. అంకెలను నమ్మి చుక్కలు వేశాను. కలిపి, భరిణెలో పోసి, మూత పెట్టి, లక్కతో ముద్ర వేశాం. నేను వాసన చూడకుండా గేటు దాటించిన సరుకు అదొక్కటే.

నిజం చెప్పాలంటే స్వామికి నచ్చుతుందా లేదా అని నేను ఆలోచించలేదు. కామేశ్వరి గారు ఏమంటుందో అని ఆలోచించాను.

శుక్రవారం

గుడిలో మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు. కామేశ్వరి గారు విజయనగరంలో తన ఇంటి నుంచి పొద్దున్నే వచ్చేసి, ముందు వరసలో నిలబడింది. అభిషేకం అయింది. తెర వేశారు. లోపల ఆచార్యులు గారు భరిణె మూత తీసిన చప్పుడు నాకు వినబడింది, లేకపోతే వినబడిందనుకున్నాను. తెర తీశారు. హారతి వెలిగింది.

వాసన వచ్చింది. నేను చూశాను. ముందు కర్పూరం, తర్వాత చందనం, దాని వెనక సివెటోన్. స్కాటోల్ ఒక పిసరు ఎక్కువైనట్టుంది. నువ్వులనూనె బాగానే కలిసింది. లెక్క అంతా సరిపోయింది. హమ్మయ్య అనుకున్నాను.

తర్వాత ఆడవాళ్ళ వైపు చూశాను.

ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. పెదవులు మెల్లగా కదులుతున్నాయి. ఏదో పాడుతోంది, వినబడటం లేదు. చాలాసేపు అలాగే ఉంది. వెనక ఉన్నవాళ్ళు ముందుకు నెడుతున్నా కదలలేదు.

తీర్థం ఇచ్చే దగ్గర ఆచార్యులు గారిని అడిగింది. "భరిణె అడుగున పాతది ఏమైనా మిగిలిందాండీ? అది కలిసిందా?"

"లేదమ్మా. అది ఎప్పుడో కడిగేశాం. ఇది మీ మూర్తి గారిదే."

"పాతదే ఇది" అన్నదావిడ. "నాకు తెలీదేటండీ."

"ఆయన్నే అడుగు" అన్నారు ఆచార్యులు గారు.

ఆవిడ నా వైపు తిరిగింది. "మీదేనా?"

"నాదే."

"తాతగారు పక్కన కూచున్నట్టున్నాది" అన్నది.

ఇంతకాలం దేనికోసం ఎదురుచూశానో అది జరిగింది. ఎందుకు జరిగిందో కూడా నాకు అర్థమైంది, అది మీకు పనికొచ్చే సంగతి కాబట్టి రాస్తున్నాను. వారాల తరబడి నేను కాగితం మీద వెతికాను. ఆ వాసన ఉండవలసింది కాగితం మీద కాదు. నూనె ఇంకిన నల్లరాయి మీద, అభిషేకం తడి మీద, హారతి వేడిలో, అంతమంది ఊపిరిలో ఉండాలి. నా కాగితం మీద లేని గుడి అక్కడ ఉంది. మీరు కలిపేది ఎక్కడ బతకాలో అక్కడికి వెళ్ళి చూడండి. అప్పటిదాకా ఏ తీర్పూ నమ్మకండి, మీది గాని, మీకంటే గొప్పవాళ్ళది గాని.

కంపెనీ వ్యానులో తిరిగి వస్తూ నేను ఆగలేకపోయాను. "స్కాటోల్ కొంచెం ఎక్కువైందా?" అని అడిగాను.

"ఏమో."

"చందనం?"

"ఏమోనండీ. అందులో అవన్నీ ఉన్నాయా?"

నా ప్రతి సీసాలో ప్రతి చుక్కనూ పేరు పెట్టి పిలిచిన మనిషి ఆవిడ. ఆ పూట ఒక్క పేరు కూడా ఆవిడకు తోచలేదు. చిన్నపిల్లలా వెళ్ళి తాతగారి పక్కన కూర్చుని వచ్చింది. నేను దాన్ని తయారు చేసినవాణ్ణి, నాకు మాత్రం ఆ తలుపు తెరుచుకోలేదు. నేను బయట నిలబడి జాబితా చదువుకున్నాను. అంతవరకూ ఆవిడ ముక్కు చూసి అసూయపడేవాణ్ణి. ఆ రోజు నుంచి ఆవిడ పొరబాటు చూసి అసూయపడుతున్నాను.

మర్నాడు ఆఫీసులో ఆవిడ మళ్ళీ మామూలే. నా కొత్త సబ్బు వాసన చూసి అందులో ఉన్నవన్నీ వరసగా చెప్పింది.

రిటైరయ్యాక ఆ గుడికి వీలైనప్పుడల్లా శుక్రవారం వెళ్తుంటాను. నా పాళ్ళతోనే ఇప్పటికీ కలుపుతున్నారు. తెర తీయగానే స్కాటోల్ పిసరు ఎక్కువని నా ముక్కు నాకు చెబుతుంది, నేను కాదనను. ఆడవాళ్ళ వరసలోనో, మగవాళ్ళ వరసలోనో ఎవరో ఒకరు కళ్ళు మూసుకుని అలా నిలబడిపోతారు. వాళ్ళ పేరేమిటో, ఊరేమిటో నాకు తెలియదు. తెలియకపోయినా వాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది.